తూము తలుపుకు తలంటు

మా అయ్యవారు నన్ను బెత్తంతో గీకినంత గట్టిగా నేను జీవితంలో ఏ ఇనుమునూ గీకలేదు. తుప్పు వదలగొట్టడం వరకు ఆయన పని ఆయన బాగానే చేశాడు. తీరా చదువు అనే పూత వేసే వేళకు నేను బడి గోడ దూకి పారిపోయాను. గీకి, పూత వేయకుండా ఎండకూ గాలికీ వదిలేసిన ఇనుము ఎలా తయారవుతుందో చూడాలంటే ఎక్కడికీ పోనక్కరలేదు, నన్ను చూస్తే చాలు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూడా ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో మనవరాలిని అడుగుతూ కూర్చున్నాను.

అయితే ఒక్క మాట. ఇనుము గురించి మాత్రం నన్ను ఎవరూ తప్పు పట్టలేరు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలో కచేరీల గేట్లకూ, కిటికీ ఊచలకూ, నీళ్ళ తొట్లకూ రంగు వేసే మనుషులు చాలేవారు కాదు. బురుసు పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ పనివాడే. నేను ఒక ముసలి సాయిబు దగ్గర చేరి పని నేర్చుకుని, ఆయన జోడుగా ఊళ్ళు తిరిగాను. కర్నూలు నుంచి కడప దాకా మేము ఎక్కడికి పోయినా జనం అడిగే మాట ఒకటే.

"వానే పడని సీమలో తుప్పు యాడిదప్పా? మాకే తాగను నీళ్ళు ల్యాకపాయె, ఇనుముకు యాడ దొరుకుతాండాయి?"

నేను చెప్పేవాణ్ణి: "ఇనుముకు మనలాగా కడవెడు నీళ్ళు అక్కరలేదు. తెల్లవారుజామున పడే తేమ చాలు, ఆ తేమ మీద ఇంత దుమ్ము చాలు. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే ఇనుము కంటే, తడిసి ఆరి, ఆరి తడిసే ఇనుమునే తుప్పు ఎక్కువ తింటుంది. వానలున్న ఊర్లో తుప్పు ఢంకా కొట్టుకుంటూ వస్తుంది. మన సీమలో చెప్పులు చేతబట్టుకుని వస్తుంది. అంతే తేడా."

ఇలా చెబుతుంటే సాయిబు పక్కన నిలబడి, "మావాడు రంగు పూసేది కొంచెం, మాటలు పూసేది జాస్తి" అనేవాడు.

ఒక ఎండాకాలం చివర్లో కోయిలకుంట్ల దిక్కున ఒక కాలువ తూముకు రంగు వేసే పని మాకు వచ్చింది. రాతి కట్టడం మధ్యలో మనిషి కంటే ఎత్తైన ఇనుప తలుపు. అటూ ఇటూ గాడులు. పైన మర తిప్పితే తలుపు ఆ గాడుల్లో జారుతూ లేస్తుంది, కింది పొలాలకు నీళ్ళు పోతాయి. కాలువ ఎండిన రోజులు కాబట్టి తలుపు పాదం దాకా కనపడుతోంది. దాన్ని చూసుకునే లస్కరు ఆ గట్టు మీదనే, సర్కారు కట్టిచ్చిన చిన్న ఇంట్లో, భార్యతో కాపురం ఉండేవాడు.

మేము సామాను దించగానే లస్కరు చేసిన మొదటి పని మమ్మల్ని ఆ తలుపు దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టడం.

"పోయిన తూరి నీళ్ళొచ్చిన దినం ఇది లెయ్యల్యా తమ్ముడా. నేను, ఇంగ ఇద్దురు రైతులు మరకు ఏలాడినాం. ఊహూ! తుప్పు ఉబ్బి గాడుల్లో పట్టుకున్యాది. సమ్మెట్లతో కొట్టి కొట్టి లేపేతలికి కింది మళ్ళు నెర్రెలిచ్చినాయి. ఓవర్సీరు వచ్చి ఏమన్యాడో తెల్సునా? మల్లా ఈ తలుపు లెయ్యకపోతే ఈడినుంచి నువ్వు లేస్తావ్ అన్యాడు."

అన్నది పెద్దగా నవ్వుతూనే అన్నాడు కానీ, మాట అయ్యాక ఇంటి వైపు చూశాడు. వాకిట్లో అతని భార్య ఎనుముకు మేత వేస్తోంది. కొలువు పోతే ఆ ఇల్లు, ఆ గట్టు, ఆ ఎనుమును కట్టేసే గాటిపాట అన్నీ పోతాయి. సొంత ఊర్లో అతనికి సెంటు భూమి లేదు.

"అన్నా, నీ కొలువుకు మేము పూత వేసి పోతాం, నిశ్చింతగా ఉండు" అన్నాను.

"నోరు బాగుండాది. చెయ్యెట్లుంటాదో సూడల్ల" అంది వాకిట్లోంచి ఆమె.

అప్పటినుంచి ఆమెను వదినా అనేవాణ్ణి. ఆమె నన్ను ఏనాడూ మర్యాదగా పలకరించిన పాపాన పోలేదు.

పని మొదలుపెట్టాం. ఉలితో పొరలు లేపడం, తీగ బురుసుతో రుద్దడం, మళ్ళీ గరుకు కాగితంతో రుద్దడం. తుప్పు పొరలు బొరుగుల్లా రాలి పడేవి. మా కనుబొమలు, మీసాలు, చెవులు అన్నీ కాషాయం. వదిన గంజినీళ్ళు తెచ్చి, "సన్నాసులొచ్చినారని వంటింట్లో ఉప్పు తక్కువేసినా" అనేది. నేను ఊరుకుంటానా, బడి గోడ దూకిన కథ చెప్పేవాణ్ణి, గీకి వదిలేసిన ఇనుము నేనేనని. ఆమె నవ్వకుండా విని, "అట్లనే అగపడతాండావులే" అని ముంత తీసుకుని పోయేది.

తలుపు తెల్లగా తేలింది. కడిగిన వెండి చెంబులా మెరుస్తోంది. ఇక దాని మీద సిందూరం పూయాలి. సిందూరమంటే హనుమంతుడికి పూసే రంగు లాంటిదే, సీసం నుంచి తీసిన ఎర్రటి పొడి. దాన్ని కాచిన అవిసె నూనెలో కలిపి, బేతంచెర్ల బండ మీద నూరి, గట్టిగా రుద్ది పూస్తే ఇనుమును గాలి ముట్టుకోలేదు. దాని మీద బూడిద రంగు పూత. సిందూరం చేతికి అంటుకున్నప్పుడు కడుక్కోకుండా తింటే కడుపు పట్టేస్తుంది. అందుకే బనగానపల్లె మామిడిపండ్లు బుట్టెడు ముందు పెట్టినా, సాయిబు నన్ను సబ్బుతో మోచేతుల దాకా తోమించి గానీ ఒక్కటి ముట్టనిచ్చేవాడు కాదు.

అవిసె నూనె డబ్బా విప్పి చూస్తే అడుగున తడి మాత్రమే మిగిలి ఉంది. దారిలో బండి కుదుపులకు అంతా కారిపోయింది. నంద్యాల పోయి తేవాలి. నేను పోయి తెస్తాను, నువ్వు ఉండు అంటే సాయిబు ఒప్పుకోలేదు. "నూనె మంచిదో కల్తీదో నీకేం తెలుస్తుందిరా, నేనూ వస్తా" అన్నాడు. ఎండిన గాలి, మబ్బు జాడ లేదు, పోయి వచ్చేలోగా ఇనుముకు ఏమీ కాదు. లస్కరుకు ఒకటికి రెండుసార్లు చెప్పాం: "అన్నా, దీన్ని చేత్తో ముట్టుకోవద్దు. నీళ్ళు పడనీయొద్దు."

"నీళ్ళు సుక్క పడనియ్యను" అన్నాడు. అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. నీళ్ళు పడనీయలేదు.

మరుసటి రోజు ఏరువాక పున్నమి. ఆ సంగతి మాకు నంద్యాలలో బస్సు దొరకనప్పుడు తెలిసింది. రైతులంతా ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజ చేసే రోజు. నాగలి కర్రుకు ఆముదం పట్టిస్తారు, తుప్పు రాకుండా. మేము డబ్బాలతో గట్టు ఎక్కేసరికి సాయంత్రమైంది. దూరం నుంచే సాయిబు ఆగిపోయాడు.

"తౌబా! ఏందిరా అది, పెళ్ళికొడుకా?"

తూము తలుపు నున్నగా, జిడ్డుగా, ఎండలో తళతళలాడుతోంది. పై నుంచి కింది దాకా ఆముదం కారుతోంది. నడుమ పసుపు, దాని మీద రూపాయంత కుంకుమ బొట్టు. గాడులకు వేపమండలు. కింద టెంకాయ చిప్పలు. పక్కనే లస్కరు, ఊరి పెద్దరైతు, కొత్త తుండుగుడ్డలు వేసుకుని నిలబడి ఉన్నారు, మేము మెచ్చుకుంటామని.

"అన్నా! ఎవరు చేశారిది?"

"నేనే! నాగలి కర్రుకు ఆముదం పూస్తే తుప్పు రాదు గదా, తలుపుకు మాత్రం ఏంటికొస్తాది? మీరొచ్చేదాంక వట్టి ఒంటితో ఉండాదే పాపమని నేనే పట్టించినా. ఇంట్లో ఉండే ఆముదం కుండ అడుగంటేదాంక పోసినా."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆముదం పూసిన కర్రుకు తుప్పు రాదు. చిక్కల్లా ఒక్కటే: దాని మీద ఇంకే పూతా పట్టదు. అవిసె నూనె ఆరితే తోలులా గట్టిపడుతుంది. ఆముదం ఎన్నాళ్ళున్నా ఆముదమే. ఈ సంగతి చెబితే లస్కరు ముఖం మాడిపోయింది.

పెద్దరైతు మాత్రం తేలిగ్గా తీసేశాడు. "అంతే గదా. పైన పూసెయ్యప్పా. రంగు లోపల ఏముండాదో ఎవురు సూడొచ్చినారు?"

లస్కరు కూడా అందుకున్నాడు. "అవు తమ్ముడా. వారంలో నీళ్ళు ఇడుస్తారంట. పూసెయ్, నీకు దండం పెడతా."

"పూస్తే నీళ్ళు తగిలిన మొదటి రోజే రంగు బొబ్బలెక్కి, అప్పచ్చి పొరలా ఊడి వస్తుందన్నా. పైకి బూడిద రంగు, లోపల తుప్పు. వచ్చే ఏడు మళ్ళీ తలుపు పట్టుకుంటుంది. అప్పుడు లేచేది తలుపు కాదు, నువ్వు."

మాటలతో నమ్మరని తెలుసు. తలుపు మూలన అరచేతి మేర సిందూరం పూసి, "రేపు పొద్దున వచ్చి చూడండి" అన్నాను. పొద్దున పెద్దరైతు తానే వచ్చి వేలితో తుడిచాడు. వెన్నలాగా వేలికి వచ్చేసింది, కింద ఇనుము జిడ్డుగా మెరిసింది. ఆయన ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, లస్కరు కొత్త తుండుగుడ్డకు తుడిచాడు.

"సరే. ఇప్పుడేం జెయ్యల్ల?"

"కడగాలి. జిడ్డు చుక్క మిగలకుండా కడగాలి."

అక్కడ వచ్చింది అసలు గొడవ. ఇంతసేపూ మాట్లాడని వదిన ముందుకు వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

"కడుగుతావా? బొట్టు పెట్టిన తలుపప్పా ఇది! నీళ్ళు తెచ్చే తల్లి. నీళ్ళు రాకమునుపే బొట్టు తుడిసేస్తే ఏమనుకుంటావు? మా ఇంటి మీద వానా కుర్సదు, కొలువూ నిలవదు."

పెద్దరైతు కూడా వెనక్కి తగ్గాడు. బొట్టు చెరపడమనే మాట విన్నాక ఆ గట్టు మీద ఒక్కరూ కడవ ముట్టుకునేలా లేరు. లస్కరు తలుపు వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూస్తున్నాడు. అటు కడగకపోతే కొలువు పోతుంది, ఇటు కడిగితే ఇల్లు నిలవదంటోంది ఆమె.

నాకు బడిలో ఏమీ రాలేదు గానీ, ఇలాంటప్పుడు నాలుక మాత్రం ముందుంటుంది. సిందూరం పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాను.

"వదినా, ఇదేంది?"

"సిందూరం."

"ఎవరికి పూస్తారు?"

"దేవునికి."

"నువ్వు రూపాయంత బొట్టు పెట్టావు. నేను తలుపు ఒళ్ళంతా సిందూరం పెడతానంటున్నా. బొట్టు చెరపడమా ఇది, పెంచడమా? ఏ తల్లికైనా సిందూరం పెట్టే ముందు తలంటి పోయరా?"

ఆమె నన్నూ, పొట్లాన్నీ మార్చి మార్చి చూసింది. "నిన్ను మీ అయ్యవారు గీకింది సాల్లా" అంది. అని, మొగుడి వైపు తిరిగింది. "సూస్తాండావేం? కుంకుడుకాయలు నానెయ్యి!"

కిరసనాయిలుతో తుడుద్దామని సాయిబు అన్నాడు. "కిరసనాయిలు దీపానికే ల్యాదు. అయినా జిడ్డును జిడ్డుతో కడుగుతారా ఎవురన్నా? తలకు ఆముదం పెట్టేది మేమే, తలంటేదీ మేమే" అని ఆమె ఊర్లోంచి ఆడవాళ్ళను కేకేసింది. ఏరువాక మరునాడు కదా, అందరి ఇళ్ళలో తీరిక, అందరి నోళ్ళలో నవ్వు. కుంకుడు రసం కడవల్లో వచ్చింది. చాకలివాళ్ళు బట్టలకు వాడే సౌడు మట్టి గంపల్లో వచ్చింది. కొబ్బరి పీచుతో రుద్దుతుంటే తలుపు నిండా నురగ.

"ఏమే, వీపు రుద్దినావు గాని సంకలు ఇడిసిపెడితివే!"

"కండ్లల్లో పడతాదేమో సూడండే, ఏడుస్తాది తలుపు!"

అయిపోయిందని వాళ్ళు ఆగినప్పుడల్లా నేను చెంబుతో నీళ్ళు పోసి చూపించేవాణ్ణి. నీళ్ళు ముత్యాల్లా విడివిడిగా నిలబడితే ఇంకా జిడ్డు ఉన్నట్టు. పలుచటి గుడ్డ పరిచినట్టు జారితే పోయినట్టు. ఇది మా సాయిబు నేర్పిన పరీక్ష. వదినకు అది తెగ నచ్చింది. చెంబు నా చేతిలోంచి లాక్కుని తానే పోయడం మొదలుపెట్టింది.

"ఈడ ఇంగా ముత్యాలే! ఎవురే ఈడ రుద్దింది? మల్లా రుద్దు!"

మధ్యాహ్నానికి ఎక్కడ పోసినా నీళ్ళు గుడ్డలా జారాయి. ఇక ఆరబెట్టాలి, అదీ త్వరగా, లేకపోతే కడిగిన తడికే ఎర్రటి తుప్పు పొడ వస్తుంది. ఆ పని మా సీమ ఎండ చేసిపెట్టింది. ఎండను తిట్టకుండా చేతులెత్తి మొక్కింది నా జన్మలో ఆ ఒక్కసారే. పొడిగుడ్డతో, పొడి బురుసుతో మళ్ళీ ఒకసారి తోమి సిద్ధం చేసేసరికి పడమటి గాలి లేచింది. గాలంటే మామూలు గాలి కాదు, చేలన్నీ మోసుకొచ్చే గాలి. పచ్చి రంగు మీద ఆ దుమ్ము పడితే పూత కాదు, గరుకు కాగితం తయారవుతుంది.

పెద్దరైతు పోయి బండి మీద పరిచే బొంతలు, మంచెకు కట్టే చాపలు తెప్పించాడు. గాలి వచ్చే దిక్కున గుంజలకు కట్టించి, "ఆముదానికి సెయ్యి నేను గూడా ఏసినాలే" అన్నాడు నాతో మెల్లగా.

ఆ చాటున సిందూరం మొదటి పూత పూశాం. ఇనుము గోరువెచ్చగా ఉంది, రంగును పిల్లవాడు పాలు తాగినట్టు పట్టుకుంది. తలుపంతా ఎర్రగా తేలేసరికి ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి చూశారు. ఒకామె చెంపలు వేసుకుంది. ఆరాక రెండో పూత. దాని మీద బూడిద రంగు.

లస్కరు మాత్రం ఇంకా దిగులుగానే ఉన్నాడు. ఆముదం కుండ అడుగున మిగిలింది చేతిలో పట్టుకుని, దాన్నేం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"అన్నా, అది పారేయకు. గాడుల్లో రుద్దుకునే చోట రంగు నిలవదు. అక్కడ ఆముదం పట్టించు. పైన మరకు కూడా పొయ్యి. అది నీ ఆముదం ఉండాల్సిన చోటు."

ఆ మాటకు అతని ముఖం విచ్చుకోవడం నాకు ఇప్పటికీ కనపడుతుంది. గాడుల్లోకి చెయ్యి దూర్చి, దూదితో, మూలమూలకూ పట్టించాడు. బిడ్డకు నలుగు పెట్టేవాళ్ళు కూడా అంత ఓపికగా పెట్టరు.

బూడిద పూత వేస్తుంటే వదిన మళ్ళీ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. "సిందూరమని సెప్పి బూడిద పూస్తాండావే, మోసగాడా!"

"లోపల సిందూరమే వదినా. ఇది పైన కప్పుకునే కంబళి."

"అగపడే తావున ఉండల్ల."

సరే, బూడిద పూత ఆరాక తలుపు నెత్తిన, నీళ్ళు అందని ఎత్తున, ఎర్ర రంగుతో రూపాయంత బొట్టు పెట్టాను. పనికి అవసరమా అంటే కాదు. కానీ అది పెట్టకుండా ఆ గట్టు దిగి ఉంటే సాయిబే నన్ను తిట్టేవాడు.

పైన నీళ్ళు వదిలారని కబురు వచ్చింది. వెనకాలే ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు. నీళ్ళు ఎర్రగా, పుల్లలూ ఆకులూ నెట్టుకుంటూ వచ్చి తలుపును ఆనుకుని పెరిగాయి. రైతులంతా గట్టు మీద. ఓవర్సీరు మర వైపు చెయ్యి చూపాడు. లస్కరు చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. మర పట్టుకున్నాడు. తిప్పాడు.

కిర్రుమని ఒక చప్పుడు. తలుపు కదల్లేదు. వదిన కళ్ళు మూసుకుంది. నేను, నన్ను నేను పొగుడుకోవడం కాదు గానీ, ఆ ఒక్క క్షణం కూడా భయపడలేదు. పూత నాది. బురదలో దిగిన అడుగుభాగం విడవాలి, అంతే.

లస్కరు ఇంకొకసారి బరువంతా వేశాడు. తలుపు నెమ్మదిగా, చప్పుడే లేకుండా, వెన్నలోంచి గరిటె లేచినట్టు లేచింది. కింది కాలువలోకి నీళ్ళు దూకాయి. రైతులు అరిచిన అరుపుకు ఓవర్సీరు సైకిలు పడిపోయింది. ఆయన దాన్ని లేపుకుంటూ, "ఏమప్పా, ఈసారి అరచేత్తోనే లేపినావే" అన్నాడు లస్కరుతో. లస్కరు తిప్పుతూనే ఉన్నాడు. మరను వదల్లేదు. ఇక చాలు తిప్పింది, కాలువ తెగుతుంది అని పెద్దరైతు పోయి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత కడప పోతూ, దారి మళ్ళించుకుని ఆ గట్టు ఎక్కాను. లస్కరు అదే కొలువులో, అదే ఇంట్లో ఉన్నాడు. గాటిపాటన ఎనుము పక్కన దూడ కూడా ఉంది. తలుపుకు ఈ మధ్య వేరేవాళ్ళెవరో కొత్తగా బూడిద రంగు వేసి పోయారు. నెత్తిన ఎర్ర బొట్టు మాత్రం అలాగే ఉంది. అది పెట్టేదాకా ఆ రంగువాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదట వదిన.

నాకు ఛాతీ ఉబ్బింది. తలుపు మీద చరిచి అడిగాను: "ఏం వదినా, పైన రంగు ఎవరు వేసినా లోపల ఉన్నది నా సిందూరమే. ఇన్నేళ్ళలో ఎక్కడన్నా లేచిందా? నా చేతి పని ఎట్లుండాది?"

ఆమె ఎనుముకు మేత వేస్తూ, తల కూడా తిప్పకుండా అంది:

"కుంకుళ్ళు మావి, సౌడు మాది, రెక్కలు మావి. అయినా పూత బాగుండాదిలేప్పా, ల్యాదనను. గీకి ఇడిసిపెట్టిన ఇనుము నువ్వేనంటివి గదా, ఆ మిగిలిన సిందూరం నువ్వే పూసుకో. ఒళ్ళంతా అక్కర్లే. రెండు పూతలూ నోటి మీదనే ఎయ్యి!"